వెనక గుమ్మం బోర్డు

...లాండ్రీ ముందుగదిలో ఆ కుర్చీలో మాత్రం మళ్ళీ కూర్చోకూడదు, దాని ఒక కాలు పొట్టిది, మొన్న గంటన్నర అందులో ఊగుతూ కూర్చుంటే మేనేజరు రాలేదు సరికదా నడుం పట్టేసింది, కానీ ఈరోజు కూర్చోక తప్పేట్టు లేదు, రేపు మధ్యాహ్నం పన్నెండులోగా ఆయన అనుమతి సంతకం లేకపోతే ప్రాజెక్టు రద్దు అని ప్రొఫెసరు మేడం నవ్వుతూనే చెప్పింది, ఆవిడ నవ్వుతూ చెప్పినవన్నీ జరిగి తీరతాయి, రద్దయితే జట్టులో నలుగురూ వచ్చే ఏడాది ఈ కోర్సు మళ్ళీ మొదటినుంచీ చదవాలి, నువ్వున్నావుగా లీడరమ్మా అని మిగతా ముగ్గురూ చేతులు దులుపుకున్నారు, లీడరు పదవికి ఎగబడిందీ తనే, ఇక ఎవర్ని అనాలి, ఆరు వారాలు, తొమ్మిది మెయిళ్ళు, గౌరవనీయులైన అనాలా నమస్కారం అనాలా అని ఒక్కోదానికీ గంటసేపు తలబద్దలు, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే మీ లాండ్రీలో మడతబల్ల దగ్గర పని ఎందుకు ఆగిపోతోందో చూసి చెప్తాం మహాప్రభో అంటే ఉలుకూ లేదు పలుకూ లేదు, గోడకి చెప్పుకున్నట్టుందమ్మా అని పొద్దున వాపోతే, అసలా మనిషి ఉన్నాడంటావా, కనపడడు గానీ అందరూ ఉన్నాడంటారు, దేవుడేమో చూడు అని అన్నయ్య, వాడికి అన్నీ వేళాకోళమే.

ముందు తలుపుకి అడ్డంగా తాడు, నేలకి రంగేస్తున్నాం వెనకనుంచి వెళ్ళమ్మా అన్నాడు రంగులాయన, సరే ఈ ముచ్చటా తీరనీ అని చుట్టూ తిరిగింది, వెనక గుమ్మంలో అడుగు పెట్టగానే వెచ్చటి ఆవిరి, సబ్బు వాసన, తడి దుప్పట్ల బండి కాలిమీంచి పోబోయింది, పనివాళ్ళు వచ్చిన వేళ నొక్కే యంత్రం, దాని పక్కన నల్లబోర్డు, సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలు, డ్రైవరుకి, సెలవు తీసుకో, మూడో యంత్రానికి బెల్టు వచ్చింది, బావుంది, జవాబులన్నీ ఇక్కడే కాబోలు, కింద మూలన, ప్రాజెక్టు అమ్మాయికి, మంగళవారం పొద్దున ఆరింటికి రా, ఏ ప్రాజెక్టు, ఏ అమ్మాయి, దాని కింద, రాలేదేం, గురువారం ఆరింటికి, జుట్టుకి టోపీ తెచ్చుకో, దాని కింద, ఒంట్లో బాగాలేదా.

వేలు పెట్టి ఆ మూడూ మళ్ళీ చదువుకుంది, తనకే, నువ్వేనా ఆ పిల్లవి అంది దుప్పట్లు మడతపెట్టే పెద్దావిడ, నీ ఉత్తరాలన్నీ గుమాస్తా కాగితాలమీద తీసిస్తే ఆయన చదివి ఇక్కడ జవాబు రాస్తాడు, మా అందరికీ అంతేగా, ఎనిమిదయ్యేసరికి ఆసుపత్రులకి పోతాడు, నువ్వొచ్చేదాకా ఆ మూల చెరపొద్దన్నాడు, మేమే, పొగరుబోతు పిల్ల కాబోలు అనుకున్నాం, అయ్యో లేదండీ, నేను వచ్చినప్పుడల్లా ముందు తలుపునుంచే అంటే, ముందు తలుపునుంచి ఎవరొస్తారమ్మా, సబ్బులు అమ్మేవాళ్ళు తప్ప, రేపు సంతకం పెడతారంటారా, రాసి చూడు, ఈ బోర్డు చదవకుండా ఆయన ఏనాడూ లోపలికి పోలేదు, సుద్దముక్క చేతికిచ్చింది, ఆ మూలే ఇంకాస్త కింద, ఒంట్లో బాగుందండీ, రేపు ఆరింటికి వస్తాను, టోపీతో, సంతకం కావాలి, రాసి వెనక్కి జరిగి చూసుకుంటే రిపోర్టు మొదటి పేజీలో తను ఎంతో దర్జాగా రాసుకున్న వాక్యం గుర్తొచ్చింది, క్లయింటు అందుబాటులో లేరు, ఇంటికెళ్ళగానే కొట్టెయ్యాలి, ఆయన రోజూ ఆరింటికల్లా ఇక్కడే ఉన్నాడు, పిలుస్తూనే ఉన్నాడు, ఆరు వారాలుగా ఎవరికీ అందకుండా తిరిగింది తనే.