కుండలీకరణములలోని కీర్తి

ఆషాఢమేఘములు సముద్రముమీదినుండి లేచి వాల్తేరు మెట్టను క్రమ్ముకొని కొబ్బరాకులపై సన్నని తుంపర చల్లుచున్న యొక ప్రాతఃకాలమున, వృక్షశాస్త్రాచార్యుడును స్వకీర్తిగానలోలుడును సన్మానసభాలంకారుడునగు భుజంగరావు గృహమందు ఒక పూలకుండి నెక్కడ నుంచవలయునను వివాదము కాఫీవేళకే ముదిరియుండెను.

“సాయంత్రం సన్మానానికి పెద్దలొస్తున్నారు. ముందుగదిలో వేలాడదీయమంటే నీకేం నొప్పి?” అని యాతడు గర్జించెను.

“ఫ్యాను గాలికి వేళ్లెండిపోతాయి. అది మొక్కండీ, మీ శాలువా కాదు” అని భార్య సుభాషిణి బదులు పలికెను.

“వాడి పేరున్న మొక్క వాడిష్టమొచ్చినచోట పెట్టుకుంటాడు. నీకెందుకే?” అని అత్తగారు సీతాయమ్మ కుమారుని పక్షము వహించెను.

క్రొత్తజాతిని మొదట వర్ణించి ప్రకటించినవారి పేరు ఆ జాతినామము వెంట శాశ్వతముగ వ్రాయబడుట శాస్త్రలోకాచారము. అనంతగిరి యడవులలో జలగలచే కఱవబడుచు ఆ మొక్కను కనుగొని బొమ్మ గీసి వర్ణన వ్రాసినది సుభాషిణి. అది యే ప్రజాతికి, అనగా ఏ దగ్గరిచుట్టముల గుంపునకు, చెందునో పువ్వు విప్పిచూచినగాని తేల్పరాదని యామె మఱుసటి పూతకై వేచియుండగా, ఆకునుజూచి కులము నిర్ణయింపగల యా పండితోత్తముడు సర్వమును తన యొక్కని పేర నచ్చొత్తించి, గృహకృత్యనిర్వహణమునకుగాను అర్ధాంగికి వ్యాసము నడుగున కృతజ్ఞత విదిల్చెను. పరుల వంటను వడ్డించి నలభీములమని మీసము దువ్వువారికి సిగ్గు పుట్టుట అరుదు.

కాని యా వేకువనే మొక్క పూచియుండెను. అప్పుడే సూదిమొనతో పువ్వును విప్పిచూచియున్న సుభాషిణి కాఫీపళ్లెరము బల్లపై నుంచి, అత్తగారును కూతురు రేవతియు వినుచుండగా మెల్లగా నిట్లనెను.

“పుప్పొడి ముద్దలు నాలుగు కాదు, ఎనిమిది. మీరు పెట్టిన ప్రజాతి తప్పు. సరైనదానిలోకి మారుస్తూ వ్యాసం నా ఒక్కదాని పేరనే పంపుతున్నాను. కుండీ వరండాలోనే ఉంటుంది.”



“అయితే వాడి పేరు కొట్టేస్తారా?” అని సీతాయమ్మ యడిగెను.

“కొట్టెయ్యరత్తయ్యా. బ్రాకెట్లలో పెడతారు. బయట నా పేరుంటుంది. మొదట ఇంకోచోట పెట్టినవారెవరో లోకానికి ఎప్పటికీ తెలియాలి కదా!”

రేవతి పమిటచెంగుతో నవ్వు నదుముకొనెను. భుజంగరావు పడకకుర్చీ యొక్క రెండు వంకరచేతుల నడుమ, ఇరుప్రక్కల మూయబడినవానివలె, అట్లే యిమిడి కూర్చుండెను.