ఖీమా మీద సాంబ్రాణి

నా కొడుకు మల్లేష్ చొక్కా గుండీలు విప్పుకొని ఉన్నందువల్ల మాకు మంగుబెన్ ఇంట్లో గది దొరికింది. మే నెల ఎండ. మగ్గాల పని కోసం వలస వచ్చిన ఈ నవాగామ్‌లో అది మేము అడిగిన ఆరో ఇల్లు. అంతకుముందు ఐదు ఇళ్లలోనూ మొదటి ప్రశ్న ఒకటే, మాంసం తింటారా అని. మల్లేష్‌కు అబద్ధం చెప్పడం రాదు. తల దించుకునేవాడు, తలుపు పడేది. ఆరో ఇంట్లో ఆ ప్రశ్నే రాలేదు. మంగుబెన్ వాడి ఛాతీ మీద జంధ్యం చూసి, "రండి మహారాజ్" అంది. ఇక్కడ బ్రాహ్మణులను అట్లా పిలుస్తారు.

మేము పద్మశాలీలం. మా మగవాళ్లు రాఖీ పున్నమి నాడు జంధ్యం మార్చుకుంటారు, ఆదివారం నాడు మాంసం తెచ్చుకుంటారు. ఈ రెండూ ఒకే ఇంట్లో జరుగుతాయని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. కోడలు జమునకు అప్పుడు మూడో నెల. రోడ్డు మీద మంచం, బిందెలు, కుట్టు మిషను పెట్టుకొని నిలబడి ఉన్నాం.

గది మూడో అంతస్తులో. ఒకటే కిటికీ. అది వరండా వైపు తెరుచుకుంటుంది. కింద గుమ్మం ముందు మంగుబెన్ ఊయల. పొద్దంతా ఆమె దాని మీదే. ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో అక్కడి నుంచే చెబుతుంది. జూలైలో పక్క గది ఒడియా వాళ్లు ఎండు చేపలు కాల్చారు. సాయంత్రానికల్లా వాళ్ల సామాను మెట్ల మీద ఉంది.

ఏడో నెల వచ్చేసరికి జమున పాలిపోయింది. రక్తం తక్కువగా ఉంది, గుడ్లు, మాంసం పెట్టండి, మెట్లు దిగనివ్వకండి అని ఆస్పత్రిలో చెప్పారు. పాలకూర పెడితే కక్కేది. మల్లేష్ పొద్దున ఏడింటికి మగ్గాల కార్ఖానాకు పోతే మళ్లీ రాత్రి ఏడుకే రావడం. మేమిద్దరం ఆ గదిలో. నేను కూలికి తెచ్చిన చీరల ధాగాలు, వేలాడే దారాలు, కత్తిరిస్తూ, ఆమె మంచం మీద ఫోను చూస్తూ.

"అత్తమ్మా, జర ఇటు సూడుర్రి."

"ఏందే?"

"కొరియా వంట. ఖీమా, అన్నం. గంతే."

"కొరియా ఏడుందే? మన పక్క వడోద్ అవతలనా?"

"నవ్వకుర్రి. గరం మసాల లేదు, కుక్కర్ సీటీ లేదు. అల్లం, ఎల్లిపాయ, బెల్లం, సోయా సాసు. పావుగంటల అయితది. వాసన మెట్లు దిగేలోపల తినేస్త."

"అండ్ల ఏం మాంసం ఏస్తున్నరు?"

"ఆళ్లు గొడ్డుమాంసం ఏస్తరు. మనం మేక ఖీమా ఏసుకుందాం. కొరియోళ్లు అచ్చి అడుగుతరా?"

"ఆళ్లు రారు. కిందామె అస్తది."

జమున నవ్వి, వెంటనే ఆగిపోయింది. "కలల గూడ గదే అస్తుందత్తమ్మా. గిన్నె పట్టుకొని తింట. లేచినంక నోరు సప్పగుంటది" అంది. నేను కత్తెర పక్కన పెట్టాను.

ప్రతి మంగళవారం పదింటికి మంగుబెన్ గుడికి పోతుంది, పన్నెండు దాకా రాదు. ఆ మంగళవారం పొద్దున్నే భేస్తాన్ పోయి ఖీమా కొట్టించి స్టీలు డబ్బాలో పెట్టాను. డబ్బా మీద మెంతికూర కట్టలు పేర్చాను. నేను మెట్లెక్కుతుంటే మంగుబెన్ ఊయల మీది నుంచే సంచి చూసి, "మెంతికూర బాగుంది, ఎక్కడ కొన్నావు కొమురాబెన్?" అని అడిగింది. డబ్బా నా మోకాలికి తగిలి చల్లగా ఉంది.

పదిన్నరకు చూస్తే ఆమె చెప్పులు గుమ్మంలో లేవు. తలుపు మూసి కింద సందులో తడి తువ్వాలు కుక్కాను. కిటికీ గడియ పెట్టాను. వాసన కదలకుండా ఫ్యాను కూడా ఆపాం. అన్నం అప్పటికే వార్చి ఉంది. మూకుడులో నువ్వుల నూనె, చిదిమిన వెల్లుల్లి, అల్లం, ఆ తర్వాత ఖీమా. జమున మంచం మీది నుంచే చెబుతోంది.

"ఉండలు కట్టనియ్యకుర్రి, గంటెతోని ఇరగ్గొట్టుర్రి. ఇగ బెల్లం ఏయుర్రి. సాసు. ఎండుమిర్చి పలుకులు."

బెల్లం కరిగి మాంసానికి పట్టుకుంది. నిజంగానే పావుగంట పట్టలేదు. కానీ ఆ వాసన మేము అనుకున్నట్టు లేదు. మసాలా వాసనైతే ఏ కూర అయినా కావచ్చు. ఇందులో మసాలా లేదు కాబట్టి మాంసం మాంసంలాగే వాసన వస్తోంది. గదంతా నిండి గోడలకు ఆనుకొని నిలబడింది. జమున చెమటతో తడిసిపోయింది. ఉల్లికాడలు తరుగుతుంటే కింద ఊయల గొలుసు కిర్రుమంది.

ఆ రోజు ఆమె గుడికి పోలేదు. పాలకు పోయి వచ్చింది.

నేను చేసిన తప్పు అప్పుడే చేశాను. సాంబ్రాణి కప్పులు రెండు వెలిగించి మార్కండేయ స్వామి పటం ముందు పెట్టాను. అది చాలదనిపించి గంట కూడా కొట్టాను.

"గంట ఎందుకత్తమ్మా?"

"పూజ అనుకోవాలె."

అనుకుంది. అందుకే మెట్లెక్కింది. బ్రాహ్మల ఇంట్లో హారతి గంట వినబడితే ఊయల మీద కూర్చొని ఉండే మనిషి కాదని నాకు తట్టలేదు. మోకాళ్ల నొప్పి వల్ల ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి వస్తోంది. ఆ అడుగులు వింటూ మూకుడు మంచం కిందికి తోసి ధాగాల చీరల మూట అడ్డం పెట్టాను. ప్రసాదం అడుగుతుంది. ఏం పెట్టాలి? పీట మీద మిగిలిన బెల్లం, ఖీమా మీద చల్లడానికి తీసిన నువ్వులు ఉన్నాయి. కంగారులో వార్చిన గిన్నెడు అన్నంలోనూ అవే కలిపేశాను.

తలుపు తీస్తే తువ్వాలు ఆమె పాదం కింద పడింది. పొగలో కళ్లు చికిలించి పటానికి దండం పెట్టుకొని నేల మీద కూర్చుంది. వీపు మంచానికి ఆనించింది. మూకుడుకు జానెడు దూరం. నేను ప్రసాదం చేతిలో పెట్టాను. కళ్లకద్దుకొని తిన్నది.

"నీ పూజ నన్ను పైకి పిలిచింది బెన్" అంది హిందీలో. "వచ్చే సోమవారం మా ఆయన శ్రాద్ధం. ఎనిమిదేళ్లుగా గుడి మహారాజ్ వచ్చి తినిపోయేవాడు. ఈసారి ఆయన ఊరికి పోయాడు. ఎవరిని పిలవాలా అని నాలుగు రోజులుగా నిద్ర లేదు. ఇంటి పైనే బ్రాహ్మణుడు ఉన్నాడు కదా! నీ కొడుకు సెలవు పెట్టాలి. పాలల్లో బియ్యం ఉడికించి దూధ్‌పాక్, పూరీ చేస్తాను. మా ఆయనకు దూధ్‌పాక్ అంటే ప్రాణం. మీ వాడు కడుపు నిండా తింటే ఆయన తిన్నట్టే."

ఆమె కళ్లు నీళ్లతో ఉన్నాయి. పొగ వల్ల కాదు.

మా ఆయన లింగమూర్తి పోయి పదకొండేళ్లు. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు ఆయనకు ఇష్టమని కార్జం వేయించి విస్తట్లో పెట్టి కాకి కోసం చూస్తాను. అది ముట్టేదాకా నేను అన్నం ముందు కూర్చోను. ఆ ఎదురుచూపు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నా కొడుకు ఆ దూధ్‌పాక్ ముందు కూర్చుంటే ఈమె మొగుడికి కూడు అందినట్టా, అందనట్టా? గది కోసం నోరు మూసుకున్నాను, నిజమే. ఒక చచ్చిపోయిన మనిషి ముద్దను మధ్యలో ఎట్లా తీసుకోను?

జమున వెనక నుంచి నా కొంగు పట్టుకుంది. "అత్తమ్మా, అద్దు" అంది మెల్లగా. ఆ తెలుగు ముక్క మంగుబెన్‌కు అర్థం కాలేదు.

నేను మూట జరిపి మూకుడు బయటికి లాగాను.

"మేము బ్రాహ్మలం కాము మంగుబెన్. సాలెవాళ్లం. జంధ్యం మాదే, అది అబద్ధం కాదు. మిగతాది అబద్ధం. ఈ పిల్లకు రక్తం లేదు, అందుకని ఇది చేశాను. నా కొడుకును శ్రాద్ధానికి పిలవకు."

ఆమె మూకుడు వైపు చూసింది. తర్వాత తన అరచేతిలో మిగిలిన బెల్లపు అన్నం వైపు చూసింది.

"అన్నం వేరే గిన్నె, వేరే గంటె" అన్నాను. "నీ మీద ఒట్టు."

ఆమె ఆ అన్నం పటం ముందు పెట్టి, చేయి కడుక్కొని, నోరు పుక్కిలించింది. అరవలేదు. ఒడియా వాళ్ల మీద అరిచినట్టు అరిస్తే బాగుండుననిపించింది. గుమ్మం దగ్గర తువ్వాలు కాలితో పక్కకు జరిపి, జమున కడుపు వైపు చూసి అంది.

"బిడ్డ పుట్టాక నెల రోజులు. ఆ తర్వాత ఖాళీ చేయండి. అప్పటిదాకా నా వైపు వాసన రానివ్వకు." రెండు మెట్లు దిగి ఆగింది. "ఇట్లాంటి దానికి దేవుడి గంట మళ్లీ కొట్టకు."

జమున ఏడుస్తుందనుకున్నాను. "ఆకలైతుంది" అంది.

తెల్లన్నం ఒక మెతుకు లేదు, అంతా బెల్లం. దాని మీదే ఖీమా వేసి, ఉల్లికాడలు చల్లి ఇచ్చాను. గిన్నె రెండు చేతులతో పట్టుకొని ఆగకుండా తిన్నది. సగం అయ్యాక తల ఎత్తింది.

"గింత తియ్యగ కొరియోళ్లు తింటరా అత్తమ్మా?"

"నాకేమెరుక? నీకు సయిస్తుందా?"

"సయిస్తుంది. రాత్రికి ఆయనకు జర ఉంచుర్రి." చెమట తుడుచుకుంది. "కిటికీ తియ్యనా?"

గడియ మీదికి ఆమె చేయి పోయింది. నేనే పట్టుకొని ఆపాను.

"అద్దు బిడ్డా. నువ్వు తిను."