సీసా కిందే ఉండాలి

కాఫీ ఒలికింది. ఒలికించింది భర్త, తుడవాల్సింది ఆమె. ఆ ఇంట్లో ఇందులో సందేహానికి తావు లేదు. అంతకుముందే ఊపిరితిత్తి ఉన్నట్టుండి ముడుచుకుపోతే, ఆసుపత్రిలో ఆమె పక్కటెముకల మధ్య గొట్టం వేసి, దాని చివర నీళ్ల సీసా తగిలించి ఇంటికి పంపారు. "సీసా ఎప్పుడూ ఛాతీకంటే కిందే ఉండాలమ్మా, పైకెత్తితే ఆ నీళ్లు లోపలికెళ్తాయి" అని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆమె మరిచిపోలేదు. కానీ నేలమీద పెడితే అత్తగారు "కాళ్లకడ్డంగా అదేమిటే, ఎవరైనా తన్నితే?" అంది. నిజమేననిపించి భోజనాల బల్ల మీద పెట్టుకుని, అక్కడే నిలబడి కూరలు తరిగింది. నిలబడ్డంతసేపూ సీసా ఛాతీకి కిందే ఉంది. కాఫీ తుడవడానికి నేలమీద కూర్చుంది చూడండి, అప్పుడది తలకంటే పైనయింది. భర్త రెండు కాళ్లూ పైకెత్తి, "ఆ మూల కూడా" అన్నాడు. నీళ్లు గొట్టం వెంట వెనక్కి పాకడం ఇద్దరూ చూడలేదు.

జ్వరం పట్టుకుంది. వణుకు, ఆయాసం, నోరు తెరిస్తే దగ్గు. మళ్లీ ఆసుపత్రి. ఛాతీలో చీము చేరిందని ఇంకో గొట్టం వేశారు. ఈసారీ ఊపిరితిత్తి విచ్చుకోకపోతే ఆపరేషనే అంది డాక్టరమ్మ.

"సీసాలో నీళ్లు లోపలికెళ్లాయి. దాన్ని పైకెవరు పెట్టారు?"

"ఇంకెవరండీ, తనే. కుదురుగా ఒకచోట కూర్చోమంటే వింటేగా!" అన్నాడు భర్త, లోకంలోని ఓపికంతా ముఖానికి పులుముకుని.

పెట్టింది తన చెయ్యే, ఆమె కాదనలేదు. అదే చెయ్యి గుడ్డ పట్టుకున్నప్పుడు ఈయన నోరు ఏమయింది? పెళ్లయిన కొత్తలో "నీ చెయ్యి పడితేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది" అన్నాడు. ఆ మెచ్చుకోలుకి పొంగిపోయి ఇన్నేళ్లూ వంగే ఉంది. బళ్లోనూ అంతే. మీటింగయ్యాక మగ టీచర్లు లేచి వెళ్లిపోతే, కప్పులు కడిగేది ఈ లెక్కల టీచరే.

"త్వరగా పంపేయండి డాక్టర్‌గారూ, ఇంట్లో చూసుకోడానికి బోలెడంతమందిమి ఉన్నాం" అంటూ భర్త ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకున్నాడు.

మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న ఆమె, "పంపకండి" అంది. రొప్పింది. ఆగి మళ్లీ అంది. "గొట్టం తీసేదాకా ఇక్కడే ఉంటాను. ఆ ఇంట్లో చూసుకునేదాన్ని నేనొక్కదాన్నే."

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసి, "ఉండండి" అంది.

భర్త చేతిలో కప్పు తొణికింది. కాఫీ మంచం కిందున్న సీసా దాకా పారింది. అతను అలవాటు కొద్దీ ఆమె వైపు చూశాడు.

ఆమె రెండు కాళ్లూ మంచం మీదికి లాక్కుంది.

"ఆ మూల కూడా" అంది.