ఫైనల్ రోజు చాకిరేవు

మరిగే నూనె మూకుడు ఒరిగిపోయి సులేమా కాలు మోకాలి నుంచి పాదం దాకా బొబ్బలెక్కింది. ఫరోల్ ఫుట్‌బాల్ క్లబ్ వంటగదిలో మాంసం కూరిన ఎంపనాడాలు వేయిస్తోందామె. సరిగ్గా అప్పుడే మైదానంలో గోల్ పడింది. ఆ కేకల్లో ఆమె కేక ఎవరికీ వినబడలేదు, పక్కగదిలో జెర్సీలు నానబెడుతున్న నెలీదాకు తప్ప.

మర్నాడు నెలీదా క్లబ్ ప్రెసిడెంటు బస్సాని దగ్గరకు వెళ్లింది. ఊళ్లో సగం గోదాములు ఆయనవే.

"సులేమా వైద్యానికి క్లబ్ ఏమిస్తుందండీ?"

"ఆమె మన దగ్గర ఉద్యోగి కాదు కదమ్మా. ప్రేమకొద్దీ చేస్తోంది. ప్రేమకు పరిహారమేంటి?"

"కోచ్‌గారికి ప్రేమ లేదాండీ? నెలనెలా జీతం తీసుకుంటున్నారు."

"ఆయన కోచ్."

"మరి మేం?"

"మీరు అమ్మలు," అన్నాడాయన నవ్వుతూ.

ఆ సాయంత్రం ఉతుకుగదిలో ఆడవాళ్లంతా చేరారు. మాటే ఆకుల టీ గిన్నె చేతులు మారుతోంది.

"కూలి పుచ్చుకుంటే ఇది మన క్లబ్ ఎలా అవుద్దే?" ముసలి ఎర్మెలిందా గయ్‌మంది. "ఈ గోడలకు మా నాన్న ఇటుకలు మోశాడు. పైసా అడగలేదు."

"ఆ గోడల మీద ఇప్పుడు ఎవరి పేరుంది పిన్నీ? బస్సాని గోదాముల బోర్డులేగా!" అంది ఒకామె.

ఎర్మెలిందా గిన్నెను విసురుగా పక్కామెకు అందించింది.

"ప్రేమ లేదని ఎవరూ అనట్లేదు," అంది నెలీదా. "చేసిన పనికి కూలి. ఒళ్లు కాలితే మందు. అవి ఇచ్చేదాకా ఒక్క జెర్సీ కూడా నీళ్లు చూడదు."

ఇంటికెళ్తే మొగుడు ఒస్వాల్దో కస్సుమన్నాడు. క్లబ్ అంటే ప్రాణం అతనికి. "క్లబ్‌ను కూలి అడుగుతారా? రేపు నా బట్టలుతికినందుకు నన్నూ అడుగుతావేమో!"

"ముందు క్లబ్ సంగతి తేలనీ. నీ వంతూ వస్తుంది."

గోల్‌కీపరైన కొడుకు రమీరో తలెత్తకుండా అన్నం తిన్నాడు.

సెమీఫైనల్‌కు జట్టు పోయినవారం ఆడిన బురద జెర్సీలతోనే, చెమట కంపుతో దిగింది. దిగి, అవతలివాళ్లను చిత్తుగా ఓడించింది.

అక్కడే ఆడవాళ్ల మెడకు ఉరి పడింది. గెలిచిన రోజు ఏది ఎలా ఉందో దాన్ని అలాగే ఉంచాలి, మార్చితే అదృష్టం పోతుంది: ఆ పేటలో చంటిపిల్లలకు కూడా తెలిసిన నియమం అది. ఒస్వాల్దో ఆ రోజు పెట్టుకున్న జిడ్డు టోపీ నిద్రలో కూడా తియ్యడం లేదు. బస్సాని స్వయంగా మిఠాయి పొట్లాలతో ఉతుకుగదికి వచ్చాడు.

"మీ సమ్మె మహా శుభంగా ఉందమ్మా! ఫైనల్ దాకా ఆపకండి."

వీధిలో జనం చప్పట్లు కొట్టి మరీ చెప్పారు, "ఉతకొద్దు అక్కా, దండం పెడతాం!"

"పని చేస్తే వెట్టి. మానేసినా వెట్టేనా?" మంచం మీద కట్టుకాలు చాపుకుని సులేమా ఏడ్చింది. సమ్మె ఆపితే తలొంచినట్టు. ఆపకపోతే బస్సానికి ఊడిగం చేసినట్టు. ఎటు చూసినా గోడే.

నెలీదా ఆమె కట్టు సర్ది కట్టింది. చివరికి అంది, "అయితే ఉతుకుదాం."

"ఓడిపోతే? నీ కొడుకే కదా గోల్‌లో ఉండేది! ఊరంతా నీ ముఖాన ఉమ్మేస్తుంది."

"తెలుసు."

ఉతుకుగది తాళం ఎప్పుడూ ఆడవాళ్ల దగ్గరే ఉంటుంది. ఫైనల్ రోజు తెల్లారగానే నీళ్లు కాగాయి. సబ్బు నురగ గడప దాటింది. ఎర్మెలిందా బండకేసి బాదిన బాదుడుకు వీధి నిద్రలేచింది. మైదానానికి అడ్డంగా తాడు కట్టి, తెల్లగా మెరుస్తున్న జెర్సీలు వరసగా ఆరేశారు. తాడు మధ్యలో ఒక దుప్పటి. దాని మీద బొగ్గుతో రాశారు: పని చేసినవాళ్లకు కూలి, కాలినవాళ్లకు మందు.

పొద్దుటి ఆటకు వచ్చిన జనం గేటు దగ్గర కొయ్యబారిపోయారు. "శని పట్టిందిరా!" ఎవరో అరిచారు. బస్సాని పోలీసులతో ఊడిపడ్డాడు.

"ఏం నేరం చేశారు?" పోలీసు అడిగాడు.

"జెర్సీలు ఉతికారు!"

పోలీసుకు నవ్వొచ్చింది. బస్సాని చూపు తగలగానే ఆ నవ్వు పోయింది. "సరే. క్లబ్‌లోకి అక్రమంగా చొరబడ్డారు. పెద్ద ఎవరు?"

"నేను," అంది నెలీదా.

"అది అబద్ధం," ఎర్మెలిందా తడి చేతులు చాచింది. "నేనూ ఉతికాను. ఈ గోడలు మా నాన్నవి. నన్నెక్కించు ముందు."

"నేనూ." "నేనూ."

నెలీదానే వ్యానులోకి తోశారు. తలుపు మూసుకుంది. ఆమె కిటికీ వల్లోంచి బయటికి చూసింది. కొడుకు కనిపించలేదు. మొగుడు మాత్రం కనిపించాడు, బయటికి తెచ్చిన ఉతుకుతొట్టె ముందు గొంతుక్కూర్చుని. ఆ టోపీ తీశాడు. కాసేపు చేతిలో తిప్పి చూసుకున్నాడు. నీళ్లలో ముంచి, చేతకాని చేతులతో సబ్బు రుద్దడం మొదలెట్టాడు.

వ్యాను కదిలి అంతలోనే ఆగింది. డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. నెలీదా ముందుకు వంగి చూసింది. నీళ్లోడుతున్న జెర్సీ తొడుక్కుని రమీరో రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. వాడి పక్కన జట్టంతా తడి జెర్సీల్లో. వాళ్ల వెనక ఆడవాళ్లు బారులు తీరుతున్నారు.

మైదానంలో రెఫరీ విజిల్ వేశాడు. ఎవరూ కదలలేదు.