బంతి వంతు

గ్యాలరీ మెట్ల మీద జనాన్ని తోసుకుంటూ వచ్చిన మేస్త్రీ ఆమె భుజం తట్టి, "అమ్మాయ్, ఒకసారి కిందికి రా" అన్నాడు. అప్పటికి ఆట మొదటి సగం కూడా పూర్తి కాలేదు. పెళ్లయ్యాక, గోల్‌కీపరైన మొగుడి ఆటను ఆమె కళ్లారా చూడటం అదే మొదటిసారి. బంతి ఇటువైపు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. మేస్త్రీ మొహం చూసి లేచి నిలబడింది.

"ఏమైంది బాబాయ్?"

"నడు, చెప్తాను."

మెట్లు దిగి, మైదానానికీ ఫ్యాక్టరీకీ మధ్య ఉన్న గోడ వారకు వచ్చారు. అక్కడ అతను ఆగి, ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "మీ మామ చెయ్యి ప్రెస్సు కింద పడింది."

నిజానికి ఈ పూట ఆ ప్రెస్సు దగ్గర ఉండాల్సింది ఆమె. గోడ అవతలి ఫ్యాక్టరీలో ఆ ప్రెస్సుతో ఇనప రేకుల్ని నొక్కి బకెట్లు, టబ్బులు చేస్తారు. ఫుట్‌బాల్ జట్టు కూడా ఫ్యాక్టరీదే. ఆటగాళ్లంతా ఆ షెడ్డులో రోజు కూలికి పనిచేసేవాళ్లే. వాళ్లు ఆటకు వెళ్లవచ్చు గానీ వాళ్ల మిషన్లు మాత్రం ఆగకూడదు. ఆటగాడి ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చి ఆ పూట పని చేసిపోవాలి. అందుకు కూలి లేదు, హాజరు లేదు. అడిగితే, మీవాడి పేరు పేపర్లో పడుతోందిగా, ఇంకేం కావాలంటారు. కార్మికులు దానికి బంతి వంతు అని పేరు పెట్టుకున్నారు. పేరంటూ ఉంటే అన్యాయం కూడా ఇంట్లో మనిషిలా అలవాటైపోతుంది కాబోలు.

జాతీయ కప్పు మొదలైనప్పటి నుంచీ ఆ వంతు ఆమే చేస్తోంది. ఈ కప్పులో ఒక్కసారి ఓడితే ఇంటికి పోవడమే. బకెట్ల జట్టని నగరం పేపర్లు వెక్కిరించిన జట్టు ఓడకుండా, ఓడకుండా క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చింది. ఈసారి ఎదుటి జట్టు నగరంలోకెల్లా పెద్ద క్లబ్బు. టిక్కెట్టు కొనాలంటే సగం రోజు కూలి పెట్టాలి. ఆటగాళ్లకు మాత్రం ఇంటికొకటి చొప్పున ఉచితంగా ఇచ్చారు. పొద్దున ఆమె పనికి బయలుదేరుతుంటే మామ ఆ టిక్కెట్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వెళ్లు తల్లీ. వాడి ఆట నువ్వు ఇంతవరకూ చూడనే లేదు. ప్రెస్సు సంగతి నేను చూసుకుంటా."

"నీకు కళ్లు సరిగా ఆనవు కదా మామయ్యా."

"కళ్లెందుకే? ఆ మిషను మీద నేను ముసలాణ్ణయ్యాను. చేతులకే తెలుసు."

ఆమె ఇంకాస్త గట్టిగా కాదనవలసింది. కానీ ఆమెకూ చూడాలనే ఉంది. పెట్టె అడుగున దాచుకున్న మంచి చీర తీసి కట్టుకుంది.

ముసలాయన అన్న మాట అబద్ధం కాదు. చేతులకు తెలుసు. అయితే వాటికి తెలిసింది పాత పద్ధతి. ఆయన రోజుల్లో రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే తప్ప ప్రెస్సు దిగేది కాదు. ఒక చెయ్యి బటన్ మీద, ఇంకో చెయ్యి రేకు మీద ఉందంటే భయం లేనట్టే. ఆయన పని మానేశాక పై అధికారులకు ఆ రెండో బటన్ దండగనిపించింది. దాన్ని ఎప్పుడూ నొక్కుకునే ఉండేలా తీగతో బిగించేశారు. ఇక ఒక్క బటన్‌కే ప్రెస్సు దిగిపోయి, బకెట్లు ఎక్కువ రావడం మొదలైంది. ఈ సంగతి షెడ్డులో ప్రతివాడికీ తెలుసు. తెలిసిన సంగతి కాబట్టే ఆయనకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

ప్రథమ చికిత్స గది షెడ్డు చివర ఉంది. బల్ల మీద ఆయన్ని పడుకోబెట్టారు. చేతికి చుట్టిన తుండుగుడ్డ ఏ రంగుదో తెలియడం లేదు. ఆమెను చూడగానే ఆయన, "స్కోరెంత?" అన్నాడు.

"ఇంకా ఎవరూ వెయ్యలేదు మామయ్యా."

"వాడికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఆట చెడుతుంది."

కాంపౌండరు ఆమెను గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "నా దగ్గర దూదీ కట్టూ తప్ప ఏం లేవమ్మా. నెత్తురు ఆగట్లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, అదీ వెంటనే."

ఫ్యాక్టరీకి అంబులెన్సు ఉంది. మైదానం గేటు దగ్గర తళతళలాడుతూ నిలబడి ఉంది. ఆమె అటు పరుగెత్తబోతుంటే ఫ్యాక్టరీ మేనేజరే గుమ్మంలో ఎదురొచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ పూట కూడా మెత్తగానే చెప్పాడు.

"చూడమ్మా, అంబులెన్సు మైదానం దగ్గర ఉండి తీరాలని కప్పు నిబంధన. అది కదిలిందంటే రెఫరీ ఆట ఆపేస్తాడు. ఆగితే మనం ఓడినట్టే. టౌన్ నుంచి ఇంకో బండికి ఫోన్ చేశాం. వచ్చేస్తోంది."

"మీ కారు ఉంది కదా సార్."

"రోడ్డు నిండా జనం, లారీలు. సైరన్ ఉన్న బండికి తప్ప దేనికీ దారివ్వరు. మరి నీ ఇష్టం. గెలిస్తే పదకొండు మందినీ పర్మినెంటు చేస్తామని చైర్మన్ గారు మైకులో చెప్పారు. నువ్వూ విన్నావు."

మైదానంలో దెబ్బ తగిలినవాడి ప్రాణం కాపాడటానికి పెట్టిన నిబంధన అది. మంచి నిబంధనే. గోడకు ఇవతల దెబ్బ తగిలినవాడి గురించి రాయాలని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

పర్మినెంటు అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. జ్వరమొచ్చి పడుకున్నా జీతం వస్తుంది. కుళాయి ఉన్న క్వార్టరు వస్తుంది. రేపు పని ఉంటుందా అని మొగుడు మేస్త్రీ మొహం చూడక్కర్లేదు. ఆమె వెనక్కి తిరిగి మామను చూసింది.

"ఉండనీ తల్లీ. నొప్పి కూడా లేదు" అన్నాడాయన.

నొప్పి లేదన్న మాట విని కాంపౌండరు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె అది చూసింది. చూసి కూడా, "సరే సార్" అంది.

రెండో సగమంతా ఆమె కిటికీలోంచి విన్నది. బయట అరుపు పెద్దదైనప్పుడల్లా ముసలాయన కళ్లు తెరిచి స్కోరు అడిగేవాడు. తలుపు దగ్గర నిలబడ్డ మేస్త్రీ కనుక్కుని చెప్పేవాడు. నగరంవాళ్లు ఒకటి వేశారు. కాసేపటికి మనవాళ్లూ ఒకటి వేశారు. అప్పుడు షెడ్డు రేకులు అదిరేలా జనం అరిచారు. ముసలాయన నవ్వబోయాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. టౌన్ నుంచి బండి రాలేదు.

ఆట ముగిసేసరికి చెరొకటి. మామూలు ఆటైతే చేతులు కలుపుకుని ఎవరిళ్లకు వాళ్లు పోయేవాళ్లు. కప్పులో ఆ వీల్లేదు, ఎవరో ఒకరు పోయి తీరాలి. అదనంగా ఇంకో అరగంట ఆడిస్తారని కబురొచ్చింది. ఆమె అంబులెన్సు దగ్గరికి పరుగెత్తింది. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించుకుని కూర్చున్నాడు.

"నాకు మనసు లేక కాదక్కా. తాళం మేనేజరు గారు తీసేసుకున్నారు."

అరగంటా గడిచింది. అప్పటికీ చెరొకటే. ఇక పెనాల్టీలన్నారు. ఒక్కొక్కడు వచ్చి తన్నాలి, గోల్‌కీపరు ఆపాలి. "ఇప్పుడంతా మీవాడి చేతుల్లోనే ఉంది" అన్నాడు మేస్త్రీ. అన్నాక, తానన్న మాట తనకే గుచ్చుకున్నట్టు తల దించుకున్నాడు.

బయట అంతకు ముందెప్పుడూ లేనంత పెద్ద అరుపు లేచింది. ముసలాయన కళ్లు తెరవలేదు. ఆమె వంగి, "మామయ్యా, మనవాడు ఆపాడు" అంది. ఆయన స్కోరు అడగలేదు. చెంప మీద చెయ్యి వేసింది. ఊపిరి ఉంది, కానీ ఒళ్లు చల్లబడుతోంది.

ఆమె లేచింది. మేస్త్రీని గానీ కాంపౌండరును గానీ ఏమీ అడగలేదు. మైదానం గేటు దగ్గర వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టి, చీర మీది నెత్తురు మరకలు చూసి, కర్ర దించేశాడు. పచ్చగడ్డి మీద ఆమె మొదటిసారి అడుగు పెట్టింది. జనం ముందు నవ్వారు, తర్వాత ఈలలు వేశారు, ఆమె దగ్గరికి వచ్చేకొద్దీ ఆ వైపు వాళ్లు నోళ్లు మూసుకున్నారు. గోలు ముందు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాడు ఆమె మొగుడు. ఇంకొక్కటి ఆపితే గెలుపే.

"నువ్వేంటి ఇక్కడ?"

"మామయ్య చెయ్యి ప్రెస్సులో పడింది. ఒళ్లు చల్లబడిపోతోంది."

"ఎప్పుడు?"

ఆ ఒక్క మాట అడుగుతాడని ఆమె దారి పొడుగునా భయపడుతూనే వచ్చింది.

"మొదటి సగంలో."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆమెను అలా చూడలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. అతను తిట్టలేదు. గోలు వదిలేసి గేటు వైపు నడిచాడు. నాలుగడుగులు వేశాక పరుగు అందుకున్నాడు. ఆమె వెనకే పరుగెత్తింది.

మేనేజరు అంబులెన్సుకు అడ్డంగా నిలబడ్డాడు. మెత్తటి గొంతు ఇప్పుడు బతిమాలుతోంది. "ఒక్క బంతి బాబూ. ఒక్కటి ఆపి వచ్చెయ్. మీ అందరి బతుకులూ బాగుపడతాయి."

మొగుడు ఆయాసపడుతూ నిలబడ్డాడు. ఆమె ముందుకు వచ్చింది.

"తాళం ఇవ్వండి సార్."

"నువ్వే కదమ్మా సరేనన్నావు."

"అన్నాను. తప్పు నాదే, అది నేను పడతాను. ఇప్పుడు మాత్రం కాదంటున్నాను. తాళం ఇవ్వండి."

షెడ్డు వైపు నుంచి మేస్త్రీ, ఇంకో నలుగురు ముసలాయన్ని బల్లతో సహా మోసుకొస్తున్నారు. మైదానంలో రెఫరీ ఈల వేశాడు, మళ్లీ వేశాడు. నగరం ఆటగాడు బంతి ముందు నిలబడి, నడుము మీద చేతులు వేసుకుని, ఎవరూ లేని గోలు వైపు చూస్తున్నాడు. మేనేజరు చెయ్యి జేబులోకి వెళ్లింది. ఇంకా బయటికి రాలేదు.