వలెరోసా పొట్టకు పూసిన రంగు

వలెరోసాను తీసేస్తున్నామని మూడుసార్లు వీడ్కోలు సభ పెట్టారు. మూడుసార్లూ బ్యాండు వాయించారు, పాదిరీ పవిత్ర జలం చల్లాడు, నేను సిగ్గులేకుండా ఏడ్చాను. మూడుసార్లూ వారం తిరక్కుండా బాయిలర్లు రాజేయమన్నారు. తీరానికి కాపలా కాయమని కట్టిన యుద్ధనౌక అది. యాభై మూడేళ్లలో ఒక్క శత్రువు మొహం చూడలేదు, చచ్చే ఆలోచనా లేదు.

నా పేరు ఎవరిస్తో గోయెనా. డెక్కు మేస్త్రీని. ఓడను నౌకాదళం పట్టికలోంచి కొట్టేసిన రోజే నన్ను ఇంటికి పంపుతామని పైవాళ్లు కాగితం రాసిచ్చారు. నా భార్య ఒతీలియా ఆ మాట నమ్మి అసూల్ అనే ఊళ్లో, చెల్లెలి ఇంటి పక్కన, రెండు గదులు తీసుకుంది. ఆరేళ్లుగా ఒక గదిలో తను ఉంటోంది, రెండోది నాకోసం ఊడుస్తోంది.

మార్చిలో లెఫ్టినెంట్ ఇరీసార్ అనే కుర్ర ఇంజనీరు ఓడ పొట్టను పరీక్షించడానికి వచ్చాడు. ఈసారి ఖాయమనుకున్నాను. అతను నీటిమట్టానికి కాస్త పైన పన్నెండు చోట్ల సన్నటి రంధ్రాలు వేసి, కొలత కొక్కెం దూర్చి రేకు మందం చూసి, నవ్వుతూ పైకొచ్చాడు.

"మేస్త్రీగారూ, మీ ముసల్ది గట్టి పిండం. రేకు ఎక్కడా అరగలేదు. ఇంకో పదేళ్లు ఢోకా లేదని రాసేస్తా."

అరగకపోవడమేమిటి, నా మొహం. మా ఓడలో ఒక ఆనవాయితీ ఉంది. అడ్మిరల్ వస్తున్నాడంటే రంగు, జెండా పండగంటే రంగు. పాతది గీకాలంటే నెల పడుతుంది, పైన పూయాలంటే ఒక్క పూట చాలు. లోపలా బయటా పొర మీద పొర పూస్తూ పోయాం. ఆ అబ్బాయి కొలిచింది ఇనుమును కాదు, మా బద్ధకాన్ని.

రెండు రోజులు నాలో నేనే లెక్కలు వేసుకున్నాను. చెబితే తప్పు నామీదే పడుతుంది. చెప్పకపోతే నాకు అరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఇక్కడే పడుండాలి. మూడోరోజు అతను మాటే ఆకుల కషాయం తాగుతుంటే ఎదురుగా నిలబడ్డాను.

"అది రేకు కాదండీ, రంగు."

"పొద్దున్నే ఏం తాగొచ్చారు మేస్త్రీగారూ?"

చేయి పట్టుకుని బాయిలర్ గదిలోకి తీసుకెళ్లాను. సుత్తితో ఓడ గోడమీద ఒక్కటిచ్చాను. రొట్టె పెచ్చంత మందాన రంగు ఊడి పడింది. వెనకున్న రేకులో స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడిదాకా దిగిపోయింది, నీళ్లు చిమ్మి అతని తెల్ల చొక్కా తడిపాయి.

"ఇదంతా ఎవరు పూశారు?"

"నేనేనండీ. ముప్పై నాలుగేళ్లుగా."

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వలెరోసా ఇక సముద్రంలోకి వెళ్లదు. అలాగని పట్టికలోంచి తీసెయ్యరు. రేవుకు గొలుసులతో కట్టేసి, కొత్త కుర్రాళ్లకు బసగా వాడతారు. పాత రంగంతా గీకించే బాధ్యత మేస్త్రీ గోయెనాది. చదివి కాగితం నలిపేశాను. దీన్ని సముద్రం ముంచలేదు, పైవాళ్లు చావనివ్వరు, మధ్యలో నా ప్రాణం తీస్తున్నారు. ఉత్తర్వు సంగతీ, రంగు సంగతీ, ఈ ముక్కా కలిపి ఒతీలియాకు రాశాను.

ఎనిమిదో రోజున ఆవిడ పరుపుచుట్ట మోయించుకుని ఓడ నిచ్చెన దగ్గర దిగింది.

"ఇదేంటే, చెప్పాపెట్టకుండా?"

"ఆరేళ్లు నువ్వు చెప్పిందే విన్నాగా. ఓడ కదలదని నువ్వే రాశావు. కదలనిదాన్ని ఇల్లే అంటారు. గది చూపించు."

"ఇక్కడ ఆడవాళ్లను ఉండనివ్వరు ఒతీలియా."

"లెఫ్టినెంటును అడిగే వచ్చా. నీ మూలంగా తన పరువు పోయిందట, అయినా సరేనన్నాడు."

నా గదిలోకి వచ్చి గోడను తడిమింది. ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను.

"ఇదీ రంగేనా?"

"రంగే."

ఒతీలియా పరుపు కింద పడేసి, గౌను చేతులు పైకి మడిచి, గీకుడు కత్తి ఎక్కడుందని అడిగింది.