లేని కాలు తొక్కిన క్లచ్చు

త్రివేణికి తన పనితనం మీదున్న నమ్మకం అనంతపురంలో సగం మంది మెకానిక్కులకు తలనొప్పి. మిగిలిన సగం మంది తమకు తెగని బండ్లను ఆమె షెడ్డుకే పంపుతారు కాబట్టి నోరు మెదపరు. బోరు మోటర్లు బాగుచేసే గంగాధరప్ప కూతురామె. కరెంటు పని నాయన దగ్గరే నేర్చుకుని కార్ల వైపు మళ్ళింది. తన చేతిలో పడ్డాక నడవని బండి లేదని వచ్చిన ప్రతివాడికీ చెబుతుంది, అడిగినా అడగకపోయినా. అలాంటి త్రివేణికి నల్లప్ప కారు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఈ కరువు సీమలో అన్ని నీళ్ళు ఎక్కడ దొరికాయని మాత్రం అడక్కండి.

నల్లప్ప ఏళ్ళ తరబడి లేపాక్షికి యాత్రికులను తిప్పిన డ్రైవరు. షుగరు పుండు ముదిరి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. క్లచ్చు తొక్కే కాలు పోయింది గానీ స్టీరింగ్ మీద మోజు పోలేదు. అందుకని క్లచ్చుతో పనిలేని ఆటోమేటిక్ కారు ఒకటి, పాతదే, కొనుక్కున్నాడు. దాని గేర్‌బాక్సు గట్టిదే. ఎప్పుడు ఏ గేరు పడాలో చెప్పే కంట్రోలర్ పెట్టె మాత్రం కాలిపోయి ఉంది. కంపెనీ పెట్టె ఎక్కడా దొరకలేదు. బయటివాళ్ళు తయారుచేసిన పెట్టె ఒకటి తెప్పించి, వైర్లన్నీ కొత్తగా లాగి, త్రివేణే బిగించింది. బండి కదిలిన రోజు నల్లప్ప షెడ్డులో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు.

ఆ తీపి ఎన్నాళ్ళో నిలవలేదు. హైవే మీద సాఫీగా పోతున్న కారు ఉన్నట్టుండి పై గేరు వదిలేసి రెండో గేరులో పడేది. లోపలున్నవాళ్ళ తలలు ముందుకు వెళ్ళి వెనక్కి వచ్చేవి. మొన్నటిసారి వెనకాలే లారీ ఉంది. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ లారీవాడు తిట్టిన తిట్లు నల్లప్ప భార్య తిమ్మక్క చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఇల్లు చేరగానే ఆమె గార్లదిన్నెలో ఒక బేరగాణ్ణి చూసి కారు అమ్ముతానని మాట ఇచ్చేసింది. ఈ సాయంత్రం అతనొచ్చి కారు తోలుకుపోతాడు.

మధ్యాహ్నం ఎండలో ఆ మొగుడూ పెళ్ళాలు కారుతో షెడ్డు ముందు దిగారు.

"చేసేదుంటే సాయంత్రం లోపల చెయ్ త్రివేణీ, లేదంటే ఇడిసిపెట్టు. నాకు ఆయప్ప పానం ముక్యం, బండి కాదు" అనేసి తిమ్మక్క కుండలో నీళ్ళు ముంచుకోవడానికి లోపలికి వెళ్ళింది.

నల్లప్ప స్టూలు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. మామూలుగా అతను నోరు తెరిస్తే మూయించడం కష్టం.

"ఏం మామా, నోరు ఇంట్లో పెట్టొచ్చినావా?" అంది త్రివేణి.

అతను లోపలికి ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించాడు. "తప్పు బండిది కాదేమోమ్మా. గేరు మారేటప్పుడల్లా నా లేని కాలు క్లచ్చు తొక్కుతాది. తొక్కేది నాకు తెలుస్తాది. దానికే బండి బెదుర్తాందేమో. తిమ్మక్కకు చెప్పలేదు. చెప్తే మళ్ళా స్టీరింగ్ ముట్టనీదు."

"ఈ కార్లో క్లచ్చు పెడలే లేదు కదా మామా."

"తెలుసు. తెలిసినా భయమే."

త్రివేణికి నవ్వొచ్చింది గానీ అతని ముఖం చూశాక గొంతులోనే ఆగిపోయింది. ఆ తర్వాత కోపం వచ్చింది. తను బిగించిన పెట్టె ఒక మంచి డ్రైవరుకు తన మీద తనకే అనుమానం పుట్టించడం ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

ప్లగ్గు వైర్లు అంతకుముందే మార్చి చూసింది, డైనమో కూడా విప్పి చూసింది. ఈసారి లాప్‌టాప్ తెచ్చి పెట్టెకు తగిలించి, కారును కదలనివ్వకుండా ఇంజను ఆన్ చేసి ఉంచింది. తెర మీద వేగం సున్నా. ఇంజను వేడెక్కి రేడియేటర్ ఫ్యాను బుర్రున తిరిగిందో లేదో, సున్నా కాస్తా ఇరవై అయింది, నలభై అయింది, మళ్ళీ పదికి పడింది.

"మామా, ఈడ చూడు! బండి నిలబడే ఉండాది. ఈ పెట్టె మాత్రం పరిగెత్తుతాండాననుకుంటాంది. ఫ్యాను కరెంటు గోల స్పీడు కొలిచే సెన్సర్ వైర్లో దూరి దీని లెక్క తప్పిస్తాంది. లెక్క తప్పితే దాని ఇష్టమొచ్చిన గేరు ఏస్తాది. నువ్వు స్టూలు మీద కూచోనుండావు. నీ కాలు దీంట్లో యాడుంది?"

నల్లప్ప కళ్ళు తెర మీదికి వెళ్ళి, లుంగీ కిందికి దిగి, మళ్ళీ తెర మీదికి వచ్చాయి. అతనికి పూర్తిగా నమ్మకం కుదరలేదు.

షెడ్డు మూలనున్న మంచం మీంచి గంగాధరప్ప లేచి వచ్చాడు. "ఎర్త్ చాలకుండాదేమో పాపా. ఇంకొకటియ్."

ఆయన అలా అనడంలో వింత లేదు. ఈ ఎండిన నేల కరెంటును ఒక పట్టాన తీసుకోదు. మోటరు పెట్టిన ప్రతిచోటా గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, తాగడానికి నీళ్ళు లేని రోజుల్లో కూడా ఎర్త్ గుంతకు ఒక బిందె పోయించేవాడాయన. ఎర్త్ ఎంత ఇచ్చినా ఎక్కువ కాదన్నది ఆయన మతం. కూతురికీ అదే అబ్బింది. గోల లోపలికి రాకుండా సెన్సర్ వైరు చుట్టూ రాగి జాలీ తొడుగు ఉంటుంది. పెట్టె బిగించిన రోజే దాన్ని గేర్‌బాక్సు దగ్గర ఒకసారి, పెట్టె దగ్గర ఒకసారి, రెండు చివర్లా ఎర్త్‌కు, అంటే కారు ఇనుప ఒంటికి, కట్టింది త్రివేణి. ఇప్పుడు నాయన మాట విని మధ్యలో మూడోది కూడా కట్టింది.

ఫ్యాను తిరిగింది. వేగం డెబ్భై దాటింది.

"ఇంకొకటి..." అన్నాడు గంగాధరప్ప.

"వద్దు నాయనా, ఆగు" అంది త్రివేణి. ఎర్త్ పెంచితే గోల పెరిగింది. ఆ ముక్క బుర్రలో పడగానే ఆమెకు పోయిన ధీమా మొత్తం తిరిగొచ్చింది. మూడోది ఊడబీకి, కటింగ్ ప్లేయర్ పట్టుకుని కారు కిందికి దూరింది.

"ఎర్త్ కోస్తావా? నా కడుపున పుట్టి?"

"ఇది మన చేను కాదు నాయనా, ఇనుము. ఫ్యాను కరెంటు బ్యాటరీకి వాపసు పోయేదానికి దోవ ఎతుక్కుంటాది. రెండు చివర్లూ కట్టి మనమే ఈ జాలీని దోవ చేసి ఇచ్చినాం. ఒక పక్క కోస్తే దోవ మూసుకుంటాది."

గేర్‌బాక్సు దగ్గరి కట్టు టప్పున తెగింది. ఫ్యాను మళ్ళీ తిరిగింది. తెర మీద సున్నా కదల్లేదు. గంగాధరప్ప తెర ముందు వంగి చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లకు ఎక్కువైన ఎర్త్‌ను చూస్తాండా" అని గొణిగి, ఫ్యానుకు విడిగా బ్యాటరీ దాకా లాగడానికి లావు వైరు తనే వెతికి తెచ్చిచ్చాడు.

బేరగాడు బయల్దేరే లోపల ఒక్కసారి హైవే ఎక్కి చూద్దామంది త్రివేణి. తిమ్మక్క వద్దంటూనే వెనక సీట్లో కూర్చుని ముందు సీటును రెండు చేతులా పట్టుకుంది. నల్లప్ప నిదానంగా వేగం పెంచాడు. ఎండకు ఇంజను వేడెక్కింది, ఫ్యాను మొదలైంది. తిమ్మక్క కళ్ళు మూసుకుంది. ఏ కుదుపూ రాలేదు. ఫ్యాను ఆగి మళ్ళీ తిరిగినా పై గేరు చెక్కుచెదరలేదు. ముందు పోతున్న లారీని నల్లప్ప మునుపటి ఒడుపుతో దాటేశాడు. అతని ముఖంలో మైసూర్‌పాక్ నాటి వెలుగు చూసి త్రివేణి గుండె నిండిపోయింది.

"ఇప్పుడు గూడా తొక్కిందమ్మా నా కాలు" అన్నాడతను. "గట్టిగానే తొక్కింది. బండి పట్టించుకోల్యా."

"యా కాలు?" తిమ్మక్క కళ్ళు తెరిచింది.

దాచిందంతా నల్లప్ప దారి మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. తిమ్మక్క ముందుకు వంగి వింది. ఆమె ఒళ్ళో ఫోను మోగింది, గార్లదిన్నె బేరగాడిది. ఆమె ఫోను కట్ చేసి, సీటును పట్టుకున్న చెయ్యి తీసి అతని భుజం మీద వేసింది.

"తొక్కితే తొక్కనీలే" అంది. "దానికి మాత్రం తోలాలని ఉండదా?"